మూడు సీసాల్లో ఒకే కుందేలు

మిలుంకా స్తోయ్‌కొవిచ్‌కు రోత పుట్టించని వస్తువు ఆ పరిశోధన సంస్థ మొత్తంలో ఒక్కటే ఉండేది. అది ఎలుక మెదడు. దాన్ని పుర్రెలోంచి బయటికి తీసేటప్పుడు గానీ, గడ్డకట్టించి ఉల్లిపొరకన్నా పల్చగా కోసేటప్పుడు గానీ ఆమె ముఖంలో గీత కదిలేది కాదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే రోత మొదలయ్యేది. ప్రొఫెసర్ రాదిసావ్ తాసిచ్ వేలు నాలుకకు అద్దుకుని విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల పేజీలు తిప్పుతుంటే ఆమె కుర్చీ కిటికీవైపు తిప్పుకునేది. మందులు తూచే గదిలో చిన్న పొయ్యి మీద కాఫీ కాచుకోవడం, గాజు పలకలు పట్టుకున్న చేతులతోనే బురెక్ రొట్టె తుంచుకుని తినడం, ఆ నూనె వేళ్ళతోనే మైక్రోస్కోపు మర తిప్పడం, ఇవేవీ నీష్ నగరంలో ఎవరికీ తప్పుగా తోచేవి కావు. ఆమెకు తోచేవి. తోచిన మాట ముఖం మీదే అనేసేది కూడా. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆమె పేరు ముందు ప్రొఫెసర్ అన్న మాట చేరకపోవడానికి కారణం అదే.

పెళ్ళి కాకపోలేదు. అయింది, నిలవలేదు. మొగుడు అబద్ధాలాడతాడని వదిలేసింది. అవి పెద్ద అబద్ధాలు కూడా కావు. ఆదివారం నిషావా నదికి చేపలు పట్టడానికి వెళ్తున్నానని చెప్పి, సాయంత్రం దాకా కాఫనాలో తాగుతూ కూర్చుని, వచ్చేటప్పుడు బజార్లో చేపలు కొనుక్కొచ్చేవాడు. ఐసులో పడుకున్న చేప కన్ను వేరుగా ఉంటుంది, అది ఆమెకు తెలుసు. రెండో ఏడు ఒక ఆదివారం ఆ చేపను తోమకుండానే బల్లమీద పెట్టి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎక్కడ పట్టినా చేప చేపేగా, నీకెందుకే అంత పట్టుదల అని తల్లి నెత్తి కొట్టుకుంది. ఆ మాటకు కూడా ఆమెకు రోతే పుట్టింది.

అలాంటి మనిషికి నచ్చిన పిల్ల నెవెనా. స్వర్ల్యిగ్ అవతలి కొండల్లో గొర్రెలు కాసుకునే ఊరినుంచి వచ్చింది. తల్లి లేదు, తండ్రి పెంచాడు. చెప్పకుండానే చేతులు కడుక్కునేది. సందేహం వస్తే దాచేది కాదు. కోత వంకరపోతే వంకరపోయిందని చెప్పి కొత్తది కోసేది. మిలుంకా తనకు వచ్చిన విద్యంతా ఆ పిల్లకు పోసింది. నెవెనా ఊరినుంచి తండ్రి పంపిన జున్ను తెచ్చేది, ఆ సంస్థలో మిలుంకా వాసన చూడకుండా తినే తిండి అదొక్కటే. పేరుకు మాత్రం నెవెనా తాసిచ్ గారి విద్యార్థిని, ఎందుకంటే ప్రొఫెసర్ ఆయన.

వాళ్ళ పనేమిటో ఒక్క మాట చెప్పుకోవాలి. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే డోపమైన్ లాంటి పదార్థాన్ని వదులుతుంది. ఆ కబురు అందుకోవడానికి అవతలి కణం ఒంటిమీద గ్రాహకం ఉంటుంది. అది ఎక్కడుందో మామూలుగా కంటికి కనపడదు. అందుకని ఆ గ్రాహకంలో చిన్న ముక్కను కుందేలుకు సూది వేస్తారు. దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు కుందేలు ఒంట్లో పుడతాయి. దాని నెత్తురు తీసి, తేట పట్టి, ఆ తేటను మెదడు పొర మీద పోసి రంగు వేస్తే, ప్రతిరక్షకం అంటుకున్న చోటల్లా గోధుమరంగు తేలుతుంది. రంగు తేలిన చోట గ్రాహకం ఉన్నట్టు లెక్క. ఈ నమ్మకం మీద లోకంలో ఎంతమంది పట్టాలు పుచ్చుకున్నారో చెప్పలేం. కుందేలు తనకు చూపించినదాన్నే పట్టిందా, లేక దారిన పోయే మరోదాన్ని పట్టుకుని కూర్చుందా అని ఆరా తీసినవాళ్ళు మాత్రం తక్కువ.

నెవెనా గ్రంథం చెప్పేదేమిటంటే, మెదడు లోపల నీళ్ళుండే గదుల గోడలమీద, ఇంతవరకు ఎవరూ చూడని చోట, డోపమైన్ గ్రాహకం ఉందని. తాసిచ్‌కు అది బంగారు గుడ్డు. ఒక ప్రతిరక్షకం పొరబడవచ్చని ఎవరైనా అంటారేమోనని, మూడు వేరువేరు కంపెనీల దగ్గర మూడు సీసాలు తెప్పించాడు. కస్టమ్స్‌వాళ్ళ గోదాములో పడి ఉండి, ఐసు కరిగి, బతిమాలించుకుని వచ్చాయి అవి. మూడూ ఒకే చోట రంగు చూపించాయి. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే ఇంక అనుమానమేమిటని తాసిచ్ ఆ మాటను గ్రంథంలో లావుపాటి అక్షరాలతో వేయించాడు.

మిలుంకా ఆ గ్రంథాన్ని పరీక్షించే అయిదుగురిలో ఒకతె. ఇంటికి తీసుకెళ్ళి చదివింది. మూడు ప్రతిరక్షకాలూ ఒకే చోట రంగు చూపించడం బాగానే ఉంది, కానీ మూడూ అక్కరలేని చోట కూడా, అంటే నెత్తుటి గొట్టాల అంచుల్లో కూడా, ఒకేలా మరకలు పెట్టాయి. ముగ్గురు మనుషులు ఒకే నిజం చెప్పవచ్చు గానీ, ఒకే తప్పు ఒకేలా ఎలా చేస్తారు? కంపెనీల పుస్తకాలు తిరగేసింది. మూడింటిలోనూ ప్రతిరక్షకం పక్కన నమూనా బొమ్మ ఒకటి వేశారు. మూడూ ఒకే బొమ్మ. రెండోవాళ్ళు దాన్ని కత్తిరించారు, మూడోవాళ్ళు కుడిఎడమలు తిప్పి వేశారు. పొర అంచున చిరిగిన చోటు మాత్రం మూడింటిలోనూ ఉంది. అసలు కుందేలు ఎవరి దగ్గరుందో గానీ, ముగ్గురూ ఆ ఒక్క కుందేలు తేటనే కొని సొంత చీటీలు అంటించుకుని అమ్ముతున్నారు. థూ అనుకుని పుస్తకం మూసేసింది. బజారు చేప మళ్ళీ బల్లమీదికి వచ్చినట్టనిపించింది.

అక్కడితో ఆగలేదు. ల్యుబ్లియానాలో పాత స్నేహితురాలు మర్యెతా ఉంది. ఆమె దగ్గర ఆ గ్రాహకమే లేకుండా పుట్టించిన ఎలుకలున్నాయి. మిలుంకా అడిగితే వాటి మెదడు పొరలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపింది. ఆ దేశాల్లో అక్కరకొచ్చేవన్నీ అలాగే ప్రయాణం చేస్తాయి. తెల్లారి బస్టాండులో డ్రైవరు ఎవరికో తెచ్చిన గుమ్మడిగింజల నూనె సీసాతో పాటు ఐసు డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. గ్రాహకం లేని మెదడు మీద ప్రతిరక్షకం పోస్తే రంగు రాకూడదు. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు గదా. వచ్చింది. అదే చోట, అదే గోధుమరంగు, పైపెచ్చు కాస్త ముదురుగా వచ్చింది.

ముందు తాసిచ్ దగ్గరికే వెళ్ళింది. ఆయన కాఫీ పొంగు చూసుకుంటున్నాడు. మూడు సీసాలూ ఒకే కుందేలనీ, ఆ కుందేలు కూడా గుడ్డిదనీ చెప్పింది. ఆయన పొంగును చెంచాతో కిందికి నొక్కి, వచ్చింది గోధుమరంగేనా అని అడిగాడు. అవునంది.

“మరింకేం? రంగు రాకపోతే కదా బాధపడాలి.”

“లేనిదాన్ని ఉందని చూపిస్తోంది రాదిసావ్. గ్రంథమంతా తప్పు.”

“లోకమంతా వాడుతున్న ప్రతిరక్షకమే కదే అది. నేను నాలుగు వ్యాసాలు రాశాను దాంతో. నువ్వు రెండింటిలో పేరు పెట్టించుకున్నావు. గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలు ఏరుతానంటావేమిటి?” ఆయన చెంచా నాకి పంచదార డబ్బాలో పెట్టాడు. “అయినా పందిని కూడా చెప్పేశారట, ఇప్పుడు ఆగుతుందా?”

పంది సంగతి ఏమిటంటే, పట్టా పరీక్ష రోజు పక్క గదిలో విందు పెట్టడం అక్కడి ఆచారం. అభ్యర్థి ఇంటివాళ్ళు చీకటితోనే పందిపిల్లను రొట్టెలవాడి పొయ్యికి పంపిస్తారు. ప్రశ్నలు అయ్యేసరికి అది కాలి, పళ్ళెంలో పడుకుని, పక్క గదిలో సిద్ధంగా ఉంటుంది. పంది పొయ్యిలోకి వెళ్ళిందంటే పట్టా వచ్చినట్టే అని సంస్థలో సామెత. నిజంగానే ఆ మేడలో ఇంతవరకు ఎవరూ తప్పలేదు. తప్పించాలంటే కాలిన పందిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. ఆ చెంచా పంచదారలో మునగడం చూసిన మిలుంకా బయటికి వచ్చేసింది. తాసిచ్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

నెవెనాను పిలిచి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. గ్రాహకం లేని ఎలుక పొర అని చెప్పి, చూడమంది. ఆ పిల్ల చాలాసేపు చూసింది. లేచి బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఇది గ్రాహకం లేని ఎలుకే కదా మేడమ్ అని ఒకటికి రెండుసార్లు అడిగింది. తరువాత తనే ఒక దారి చెప్పింది.

“నా అంతట నేను చెబితే తాసిచ్ గారు నన్ను బతకనివ్వరు. మీరు అడగండి మేడమ్, అందరి ముందూ అడగండి. అడిగాక చెప్పక తప్పదు కదా. మహా అయితే పరీక్ష వాయిదా వేస్తారు. మళ్ళీ మొదటినుంచి చేసుకుంటాను.”

మిలుంకాకు కళ్ళు చెమర్చాయి. అడగబోయే ప్రశ్నలు అభ్యర్థికి ముందే చెప్పేయడం అక్కడ మామూలు. ఆమె జన్మలో ఆ పని చెయ్యలేదు, చేసేవాళ్ళను చీదరించుకునేది. ఇప్పుడు మొదటిసారిగా తన ప్రశ్న నెవెనాకు మాట తేడా లేకుండా చెప్పింది. గ్రాహకం లేని ఎలుకలో ఈ ప్రతిరక్షకాన్ని పరీక్షించారా, పరీక్షిస్తే ఏమైంది? అంతే. దానికి జవాబు కూడా ఒక్క మాటే. ఈ పిల్ల నోటినుంచి ఆ మాట వస్తే తాను ఈ మురికిలో ఇన్నేళ్ళు ఉన్నందుకు ఫలితం దక్కినట్టేనని ఆమె అనుకుంది. గ్రంథం ఏమైపోయినా ఫరవాలేదు, పిల్ల మిగిలితే చాలు.

పరీక్ష రోజు హాలు నిండింది. గోడ అవతలినుంచి కాలిన చర్మం వాసన, పుల్లటి క్యాబేజీ వాసన వచ్చి కుర్చీల మధ్య తిరుగుతున్నాయి. పరీక్షకుల్లో ఒకాయన అప్పుడే గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ముందు వరసలో నెవెనా తండ్రి స్రెటెన్ కూర్చున్నాడు. మెడ దగ్గర బిగిసిన చొక్కా, మోకాళ్ళమీద పెద్ద పెద్ద చేతులు. తెరమీద గోధుమరంగు బొమ్మలు పడుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ప్రతి బొమ్మకూ తల ఊపుతున్నాడు. నెవెనా చక్కగా చెప్పింది. మిగతా పరీక్షకులు తామిచ్చిన ప్రశ్నలకు తాము ఎదురుచూసిన జవాబులు విని సంతోషించారు.

మిలుంకా వంతు వచ్చింది. లేచి తన ప్రశ్న అడిగింది. తాసిచ్ పేజీ తిప్పబోయిన వేలు నాలుక దగ్గరే ఆగింది.

నెవెనా ఒక్కసారి తండ్రి వైపు చూసింది. తరువాత తిన్నగా మిలుంకా ముఖంలోకే చూసింది.

“మంచి ప్రశ్న మేడమ్. పరీక్షించాం. ల్యుబ్లియానానుంచి పొరలు తెప్పించి చూశాం. ఎక్కడా రంగు రాలేదు, పొర తెల్లగా ఉంది. ఆ పరీక్ష స్వయంగా చేసిపెట్టింది మీరే. అందుకు అందరి ముందూ మీకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.”

చప్పట్లు కొట్టారు. తాసిచ్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఊరికే దాచిపెట్టడం కాదు ఇది. దాచడమైతే పిరికితనం అనుకుని సరిపెట్టుకునేది. ఈ పిల్ల తానిచ్చిన ప్రశ్నను తీసుకుని, రాత్రంతా దానికి సాన పట్టి, అబద్ధానికి తన పేరే పూతగా పూసి తిరిగి ఇచ్చింది. కళ్ళు వాచేలా ఏడ్చిందే, అది కూడా ఇందుకేనా అనిపించింది.

చప్పట్లు ఆగేదాకా నిలబడే ఉంది.

“రాలేదని కాదు. రంగు వచ్చింది. నేనూ చూశాను, నువ్వూ చూశావు,” అంది.

డాక్టర్ మిలుంకా గారు పొరల సంఖ్యల్లో తికమక పడ్డట్టున్నారు, లోపల మాట్లాడుకుందాం అని తాసిచ్ సభ ఆపాడు. అయిదుగురూ చర్చకు వెళ్ళింది ఆ విందు గదిలోకే. వేరే గది ఖాళీ లేదు. చర్చ ఒక సిగరెట్టు కాలేంతసేపు సాగింది. ఒకాయన చర్చిస్తూనే పంది చెవి విరుచుకుని కరకరలాడించాడు. మిలుంకా తాను చూసింది మళ్ళీ చెప్పింది. శాస్త్రంలో అభిప్రాయభేదాలు సహజమని వాళ్ళు తేల్చారు. నలుగురు ఒప్పుకున్నారు, ఒకరు కాదన్నారు. కాదన్నది ఆమె. ఎవరూ తిట్టలేదు, అరవలేదు, ఒకాయన ఆమె భుజం కూడా తట్టాడు. ఆ తట్టిన చోట పంది కొవ్వు మరక మిగిలింది.

నెవెనా డాక్టరైంది. తలుపులు తెరిచారు, రకియా సారా పోశారు, నవ్వులు మొదలయ్యాయి. మిలుంకా కోటు కోసం వెళ్తుంటే స్రెటెన్ అడ్డం వచ్చాడు. చేతిలో పళ్ళెం ఉంది, ఏరి పెట్టిన పక్కటెముకల ముక్కలు ఉన్నాయి. ఆయన దాన్ని ఇవ్వనూ లేదు, వెనక్కి తియ్యనూ లేదు.

“డాక్టరమ్మా, మీ సదువులు నాకు తెలీవు. ఒక్కటి అడుగుతా చెప్పండి. రంగొచ్చిందని మీరన్నారు, రాలేదని అది అంది. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. చిన్నప్పుడు అది అబద్ధమాడితే నాకిట్టే తెలిసిపోయేది. ఇయ్యాళ దాని మొహం చూస్తే ఏం తెలవలేదు నాకు. మీరు చెప్పండి. అది అబద్ధమాడి ఉంటే ఈ పందిని ఎత్తుకుని ఇంటికి పోతా. అది మళ్ళీ నా గుమ్మం తొక్కదు.”

ఆయన ఉత్తినే అంటున్న మాట కాదని మిలుంకాకు తెలిసింది. పళ్ళెంలో ఎముకలు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆ మేడ మొత్తంలో నిజం ఏమిటని ఆమెను అడిగినవాడు ఈయనొక్కడే. నిజం చెబితే వినేవాడూ ఈయనే. తాసిచ్ ముందు, చప్పట్ల ముందు, నలుగురు పరీక్షకుల ముందు తొణకని నాలుక ఆ ముసలాయన ముందు ఎందుకో తిరగబడింది. తల్లి లేని పిల్ల, ఈ ఒక్క గుమ్మమూ పోతే ఇంక ఎక్కడికి వెళ్తుంది అన్న ఆలోచన ఒక్కటే వచ్చింది. తరువాతి ఆలోచన రాకముందే మాట నోరు దాటేసింది.

“పొరపాటు నాదేనండీ. పలకలు తారుమారు చేశాను. మీ అమ్మాయి చెప్పిందే నిజం.”

స్రెటెన్ గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన ముఖం విప్పారింది.

“హమ్మయ్య. పోనీలే అమ్మా, ఎవరికైనా అవుద్ది. ఈ వయసొచ్చాక కళ్ళు మందగిస్తాయి. నాకూ దూరంగా ఉన్నది మేకో గొర్రో తెలవట్లేదు.” ఆమెను క్షమించేసి పళ్ళెం ఆమె చేతిలో పెట్టాడు. ఒక ముక్క తినేదాకా కదలలేదు. ఆమె తింది. నోట్లో కొవ్వు కరిగింది. ఉమ్మేయాలనిపించింది. ఎదురుగా ఆయన నవ్వుతూ నిలబడి ఉంటే మింగేసింది.

ఆయన ఆ సంతోషాన్ని దాచుకునే మనిషి కాదు. తిన్నగా తాసిచ్ దగ్గరికి పోయి, డాక్టరమ్మ పెద్దమనసుతో తప్పు ఒప్పుకుందని చెప్పాడు. తాసిచ్ గ్లాసు మీద చెంచాతో కొట్టి అందరినీ తనవైపు తిప్పుకున్నాడు. మిలుంకా గారు తమ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారనీ, రాయాల్సిన గుమాస్తా ఇంకా భోంచేస్తోంది, ఫలితం రికార్డులోకి ఎక్కలేదు గనుక ఏకగ్రీవమనే రాయిస్తామనీ ప్రకటించాడు. అందరూ మిలుంకా వైపు చూసి గ్లాసులెత్తారు. కాదు, నేను ఆయనకు అలా చెప్పానంతే అనాలంటే స్రెటెన్ ముందే అనాలి. ఆయన ఆమె పక్కకు తిరిగి వచ్చి నిలబడి ఉన్నాడు, ఆమె కన్నా ఎక్కువ గర్వంగా. ఆమె గ్లాసు ఎత్తింది.

నెవెనా జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. గురువుకు చెప్పుకోవలసిన పద్ధతిలో, తండ్రి చూస్తుండగా, మూడు ముద్దులు పెట్టింది. కుడి చెంప మీద, ఎడమ చెంప మీద, మళ్ళీ కుడి చెంప మీద. మూడో ముద్దు దగ్గర ఆగి, మిలుంకాకు ఒక్కతెకే వినపడేలా చెవిలో అంది.

“చూశారా మేడమ్, అదేమంత కష్టం కాదు.”